ఈశాన్యం మూల పిల్లరు

మజ్జిగను కూడా ఊదుకుని తాగే రకం నేను. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఆ గుణం ఉండాల్సిందేనని మా ఆఫీసులో అనేవారు. నేనూ దానికి గర్వపడేవాణ్ణి.

తొంభైల చివర్లో, మాదాపూర్ రాళ్ల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో, లింగంపల్లి స్టేషన్ దగ్గర ఓ పాత రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ చూసి రమ్మని నన్ను పంపారు. మరమ్మతు చేసి, పైన మూడో అంతస్తు వేసి, కంప్యూటర్ కోర్సుల వాళ్లకు ఇవ్వాలని యజమాని ఆశ. పాత పిల్లర్లు ఆ బరువు మోస్తాయో లేదో నేను తేల్చాలి. తప్పు తేల్చానంటే కప్పు కూలేది కింద దుకాణాల్లో కూర్చున్నవాళ్ల మీద.

యజమానిది కడప వైపు. మొదటిరోజే నాకు నచ్చలేదు. "యాడ కావాలంటే ఆడ పగలగొట్టి చూసుకోండి సామీ" అన్నాడు. అడక్కుండానే అంత ధారాళంగా చెప్పేవాడు ఏదో దాస్తున్నాడనిపించింది. అతని నక్షా మీద నమ్మకం లేదు, కొత్తగా వేయించిన సున్నం మీద అసలే లేదు. మూడు రోజులు సుత్తితో పిల్లరు పిల్లరూ కొట్టి విన్నాను. గట్టి కాంక్రీటు కంగుమంటుంది, లోపల గుల్లయితే డొల్లగా మోగుతుంది. బాగున్నదానికల్లా నక్షాలో టిక్కు పెట్టాను.

ఈశాన్యం మూల ఓ బట్టల దుకాణం. "రాండ్రి సార్, జర కూసోండ్రి" అంటూ దాని పెద్దాయన రోజూ చాయ్ తెప్పించేవాడు. అక్కడి పిల్లరుకు నిలువుటద్దాలు బిగించి ఉన్నాయి. "కొడితే అద్దాలు పల్గుతయి సార్. ఈడేం లేదు" అన్నాడు. మూడోరోజు చాయ్ తాగి, కొట్టకుండానే టిక్కు పెట్టాను. అంత మంచి మనిషిని అనుమానించాలని నాకు తోచలేదు.

నాలుగో రోజు పై అంతస్తులో, సరిగ్గా ఆ దుకాణం మీద, గోడకు ఏటవాలు పగులు కనబడింది. దానిమీద సున్నం పూసి ఉంది. దొంగ దొరికాడనుకుని యజమానిని నిలదీశాను.

"కింద ఆయప్ప మూలన వాకిలి తెరిచినంకనే వచ్చింది సామీ. చెప్తే ఇనల్యా."

నేను నమ్మలేదు. అతని అబద్ధం బయటపెట్టాలనే కిందికి దిగి అద్దం విప్పించాను.

అద్దం వెనక పిల్లరు సగమే ఉంది. చువ్వలు కోసేసి, కోసిన అంచుకు ఇటుక ముక్కలు అతికి పైన పూత పూశారు.

"ఈశాన్యంల దర్వాజ పెడితే గిరాకి వస్తదని సిద్ధాంతి చెప్పిండు సార్" అన్నాడు పెద్దాయన. "పిల్లర్ అడ్డమొచ్చింది. సగం తీస్తే ఏం గాదన్నడు మేస్త్రి."

"ఇన్నాళ్లూ భయమెయ్యలేదా?"

"ఎందుకెయ్యలే సార్! మా బిడ్డ దుకాన్ల కూసుంటనంటే ఒక్కనాడు రానియ్యలే. నిన్న మీరు టిక్కు కొట్టంగ చూసిన. ఇంత పెద్ద ఇంజనీరే మంచిగున్నదన్నంక ఇగ ఫికరేందని, పొద్దుగాల నేనే తోల్కొచ్చిన."

వెనక్కి తిరిగి చూశాను. గల్లాపెట్టె దగ్గర, కోసిన పిల్లరుకు మూరెడు దూరంలో, ఓ అమ్మాయి చీర మడతపెడుతోంది. నా మీద నాకే అసహ్యం వేసింది. "లేమ్మా, బయటికి రా" అన్నాను. ఆమె నవ్వుతూ, మడత పూర్తిచేసి వస్తానంది.