ఒంటికన్ను గుర్రానికి కుడిపక్కన

ఈస్టర్ ఇంకా రెండు నెలలుండగానే మా క్రెయిగీబర్న్ సూపర్‌మార్కెట్లో శిలువ గీతల బన్నులు పెట్టేశారు. పొద్దున ఆ దాల్చినచెక్క వాసన తగలగానే నాకు గుర్రపు చెమట, తడి తోలు, యూకలిప్టస్ ఆకులు గుర్తొచ్చాయి. మా ఆడపడుచు గుర్తొచ్చింది.

ఎన్నో ఏళ్ళ కిందట కంప్యూటర్లు చదవడానికి ఈ దేశం వచ్చిన ఆ పిల్ల, ఆ చదువు వదిలేసి, మాకు గంట దూరంలోని ఒక పల్లెలో పశువుల ఆసుపత్రిలో నర్సుగా చేరింది. మా అత్తగారు చుట్టాలకి ఫోన్లో ‘నర్సు’ అని మాత్రం చెప్పి, ఎవరికన్నది మింగేసేవారు. ఒకరోజు ఆ ఆసుపత్రికి కుడికన్ను పోయిన నల్లగుర్రాన్ని తెచ్చారు. ఇక పనికిరాదు, సూది వేసి చంపేయమన్నాడట యజమాని. చంపొద్దు, నాకిచ్చెయ్యమని ఈమె అడిగి తెచ్చుకుంది.

ఆ ఊళ్ళో ఈస్టర్ సోమవారం గుర్రాలను బ్యాండుతో పెద్దవీధంతా ఊరేగించి చర్చి ముందుకు తెస్తారు. ఫాదరుగారు ఒక్కొక్కదాని మీదా నీళ్ళు చల్లి దీవిస్తారు. ఎప్పుడో ఓడల్లో వచ్చిన వాళ్ళ తాతలు వెంట తెచ్చుకున్న ఆచారమట. తన గుర్రాన్నీ తెస్తానని మా ఆడపడుచు అడిగితే, ఊరేగింపు చూసుకునే పెద్దాయన, “ఈ ఏడు వద్దులే, లవ్. కనపడని వైపు చిన్నపిల్లలుంటారు, బెదిరితే ఎలా?” అన్నాడు. ఇక్కడి పెద్దవాళ్ళు ఎవరినైనా లవ్ అనే పిలుస్తారని తెలియక మొదట్లో నేను చాలా కంగారుపడేదాన్ని. ఆయన మాటలో తప్పు లేదు. మా ఆడపడుచూ తప్పు పట్టలేదు. “పండక్కి ముందు శనివారం దీని పక్కన డ్రమ్ము కొట్టించండి. బెదిరితే నేనే రాను” అంది.

ఆ సాయంత్రమే నాకు ఫోను. “వదినా, సాటర్‌డేస్ ఫ్రీయేనా? కుడిపక్కన ఒక మనిషి కావాలి.”

ఆవుకే దూరం నుంచి దణ్ణం పెట్టే రకం నేను. అయినా ఆరు శనివారాలు స్టీలు పళ్ళెం, గరిటె పట్టుకుని ఆ గుర్రం గుడ్డికంటి వైపు మోగించుకుంటూ నడిచాను. మొదటివారమే అది ఎగిరి మా ఆడపడుచు కాలు తొక్కింది. బొటనవేలి గోరు నల్లబడిపోయింది. కుంటుకుంటూ వచ్చి, “మళ్ళీ స్టార్టింగ్ నుంచి, వదినా. మాట్లాడుతూ ఉండు, నువ్వెక్కడున్నావో వాడికి తెలియాలి” అంది. గుర్రంతో ఏం మాట్లాడను? గోంగూర పచ్చడి చేసే విధానం చెప్పాను. అత్తగారి మీద పితూరీలు చెప్పాను. పెళ్ళైనప్పటి నుంచీ మా ఆయన విననివన్నీ అది చెవులు రిక్కించి వింది.

పరీక్ష రోజున డ్రమ్ము మోగితే దాని ఒళ్ళంతా జలదరించింది కానీ కాలు కదలలేదు. “సరే, అందరికంటే చివర నడవండి” అన్నాడు పెద్దాయన.

పండగనాడు వీధి మధ్యలో, సరిగ్గా గుడ్డికంటి పక్కనే, ఎవరిదో బెలూను ఢామ్మని పేలింది. గుర్రం తల పైకెత్తి బిగుసుకుపోయింది. తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. ఆమె తాడు లాగలేదు. “మాట్లాడు వదినా, ఆపకు” అంది, గొంతు ఏమాత్రం పెంచకుండా. అంతమంది ఎదుట, “ముందు ఆకు కడిగి ఆరబెట్టాలి నాన్నా, తడి ఉండకూడదు” అని మొదలుపెట్టాను. దాని చెవి నావైపు తిరిగింది. ఎండుమిరపకాయలు వేయించే దగ్గరికి వచ్చేసరికి ఒక అడుగు వేసింది. తరవాత ఇంకొకటి.

మేం చర్చికి చేరేసరికి ఫాదరుగారు నీళ్ళ గిన్నెతో లోపలికి వెళ్ళిపోతున్నారు. పెద్దాయన పరుగులాంటి నడకతో వెళ్ళి ఆయన్ని ఆపాడు. “ఇంకొకటి ఉంది ఫాదర్” అన్నాడు. చల్లిన నీళ్ళు గుర్రం మీద సగం, నా మీద సగం పడ్డాయి. గోరు ఊడినప్పుడు కూడా ఏడవని మా ఆడపడుచు దాని మెడలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ తరవాత నాలుగు ఈస్టర్లు నడిచింది ఆ గుర్రం. ఐదో ఏడు ఈస్టర్ రాకముందే, ఇక్కడి వేసవి చివర్లో, ఫిబ్రవరిలో, పచ్చికలో పడుకుని మరి లేవలేదు. ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ ఆరు శనివారాలు ఎప్పటికి అవుతాయా అనిపించేది అప్పట్లో. ఇన్నేళ్ళూ ఎప్పుడు అయిపోయాయో మాత్రం తెలియలేదు.