మేనత్త చేతి కత్తెర

మా ఊళ్ళో లోసలీనెకి మొదటి శత్రువు లెయేమా ఇంటి నల్లకుక్క. రెండో శత్రువుని నేను.

ఇంటింటికీ తిరిగి దేవుడి గురించి చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మా తాత టోంగాలో, వవావు దీవిలో మెథడిస్టు గుడి బోధకుడు. దేవుడు నాకు పుట్టకముందు నుంచే తెలుసు, మధ్యలో వీళ్ళెవరు పరిచయం చేయడానికి? అందుకే నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని, చీలమండల దాకా లంగాలు కట్టుకుని ఇద్దరు ఆడపిల్లలు మా గడప దగ్గర నిలబడ్డప్పుడు చీపురు పట్టుకునే బయటికొచ్చాను. ఒకతె బ్రిస్బేన్ పిల్ల, సిస్టర్ హార్వీ. ఎండకి ముక్కు తోలు ఊడిపోయి ఉంది. రెండోది, లోసలీనె, దిట్టంగా, నల్లగా, తలమీద కొబ్బరికాయంత కొప్పుతో ఉంది. అది సమోవా భాషలో నమస్కారం చెప్పింది గానీ ఆ మాట వెనక టోంగా యాస తొంగిచూసింది.

నేనూ టోంగా దాన్నే. సమోవాలోని ఈ సవాయీ దీవి మొగుణ్ణి కట్టుకుని ఇక్కడ ముప్ఫయ్యొక్క ఏళ్ళు.

"ఏ ఊరే పిల్లా?" అన్నాను మా భాషలో.

"హాపాయ్, పెద్దమ్మా."

ఆ ఒక్క మాటకి నా కోపం సగం చచ్చింది. సంచిలోంచి పుస్తకం తీసేసరికి చచ్చిన సగం కూడా లేచి కూర్చుంది.

"అది లోపల పెట్టు. కోకో తాగుతారా?"

"తాగుతాం. టీ, కాఫీలే మాకు కూడవు."

"కొబ్బరి తురమడం కూడునా?"

"అది కూడును" అని నవ్వి, తురుము పీట లాక్కుని కూర్చుంది. అలా మొదలైంది. అది వచ్చినప్పుడల్లా మా ఆయన దాన్ని ఏడిపించేవాడు. "మీ టోంగా వాళ్ళని వెనకటి రోజుల్లో ఒకసారి సముద్రంలోకి తరిమాం కదే! మళ్ళీ ఒక్కొక్కరే దిగుతున్నారేంటి?" అంటే, "అప్పుడు పడవల్లో వచ్చాం పెదనాన్నా, అందుకే తరమగలిగారు. ఇప్పుడు విమానంలో వస్తున్నాం" అనేది తల ఎత్తకుండా.

దాని రోజు ఎలా గడిచేదో ఊరంతటికీ తెలుసు. ఆరింటికి లేచేవాళ్ళు. ప్రార్థన, చదువు, బట్టలుతుక్కోవడం అయ్యాక ఎండెక్కే వేళకి రోడ్డెక్కేవాళ్ళు. ఒకరి చూపు దాటి ఇంకొకరు పోకూడదు. ఒకతె చెరువులో స్నానానికి దిగితే రెండోది గట్టున కాపలా. కుక్కల కోసం లంగా జేబుల్లో రాళ్ళు. ఏ ఇంటికి వెళ్ళినా తినమంటారు, వద్దంటే అవమానం, తింటే ఆయాసం. మధ్యాహ్నాలు ఎవరి చేమదుంపల తోటలోనో కలుపు తీసేవాళ్ళు. సోమవారం మాత్రం మా ఇంట్లోంచి వాళ్ళ ఇంటికి ఫోను. ఆ ఫోనులో వాళ్ళ నాన్న నుదురు ఒక్కటే కనపడేది. తెరలో తనని ఎలా చూపించుకోవాలో ఆయనకి చివరిదాకా రాలేదు. ఆయన అడిగేదీ ఒక్కటే. "తిన్నావా?"

ఏడు నెలల్లో మా ఊళ్ళో దీని మాట విని నీళ్ళల్లో మునిగి బాప్తిస్మం పుచ్చుకున్నవాడు ఒక్కడే, ముసలి తువీఫే. వాడు కూడా నాలుగో వారానికి మళ్ళీ మా గుడికే వచ్చి మా బల్లమీదే కూర్చున్నాడు. అయినా ప్రతి గురువారం వాడి తోటలో కలుపు తీస్తూనే ఉంది.

"వాడెలాగూ జారిపోయాడు. ఇంకా ఎందుకే ఈ చాకిరీ?" అన్నాను.

"కలుపు జారిపోలేదుగా పెద్దమ్మా" అంది.

ఒకసారి చెప్పు విప్పి, మడమ మీద పొక్కు చూసుకుంటూ పనసచెట్టు కింద కూర్చుని ఉంటే చూశాను. "ఏడుస్తున్నావా?" అన్నాను. "లేదు. ఏడవడానికి మా పట్టికలో టైము లేదు" అంది. నవ్వాను గానీ నాకది నచ్చలేదు. ఇరవయ్యొక్కేళ్ళ పిల్ల అప్పుడప్పుడూ ఏడవాలి.

పద్దెనిమిది నెలల సేవలో ఐదు నెలలు మిగిలి ఉండగా వాళ్ళ నాన్న పోయాడు. పొద్దున కందగడ్డల మడిలో వంగినవాడు లేవలేదట. వాళ్ళ గుడి పెద్దాయన రేవు నుంచి కారులో వచ్చి కబురు చెప్పి, "వెళ్తావా, ఉంటావా? నీ ఇష్టం. టికెట్ నేను చూస్తాను" అన్నాడట. నిజం చెప్పాలి, ఆయన మర్యాదస్తుడు.

అది నేరుగా మా ఇంటికొచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"వెళ్ళట్లేదు పెద్దమ్మా."

నేను కొబ్బరి చిప్ప విసిరికొట్టాను. "తండ్రి చస్తే కూడా పోవా? దేవుడికి నీ ఐదు నెలలు లేకపోతే గడవదా?"

"దేవుడికి గడుస్తుంది. నాకు గడవదు. వెళ్తే మళ్ళీ రాలేను. అమ్మ ముఖం చూశాక ఇక కదల్లేను. నా సంగతి నాకు తెలుసు. మాట ఇచ్చి వచ్చాను."

అంత మాట అన్నాక ఊరుకోవాలి, కానీ నేను ఊరుకునే రకం కాదు. ఇంకో పావుగంట తిట్టాను. అది తల వంచుకుని అంతా విని, చిప్ప తీసుకొచ్చి నా ముందు పెట్టి, హార్వీతో కలిసి రోడ్డెక్కింది.

అంత్యక్రియలు ఫోనులో చూపించారు. నా దగ్గరున్న పాత చాపల్లో బాగా చిరిగినదాన్ని వెతికి దాని నడుముకి చుట్టాను. చచ్చినవాడి పిల్లలు కట్టాల్సింది అలాంటిదే. హార్వీ ఫోను బల్లమీద పెట్టి, "దగ్గరికి రా, నీకు కనపడదు" అని పిలుస్తూనే ఉంది. లోసలీనె రాలేదు. పొయ్యి వెనక నేలమీద కూర్చుంది. మా దగ్గర తండ్రి శవం పక్కకి పిల్లలు రాకూడదు, వాళ్ళ చోటు వంటింటి వైపు. తల దగ్గర కూర్చునేది తండ్రి తోడబుట్టిన ఆడది, అంటే మేనత్త. ఆ చోటులో వాళ్ళ మేనత్త ఫీపె నల్లబట్టల్లో కొండలా కూర్చుని ఉంది.

మేనత్త మాట మాకు రాజుగారి మాట కన్నా పైది. ఆమె ఉసురు తగిలితే కడుపు పండదంటారు. పదో రోజున ఆమే కత్తెర పట్టి, పోయినవాడి పిల్లల జుట్టు కత్తిరిస్తుంది. కత్తిరిస్తేనే దుఃఖం లెక్కలోకి వచ్చినట్టు. కత్తిరించని పిల్ల ఆ తండ్రి పిల్ల కానట్టు.

పదో రోజున హాపాయ్‌లో దాని అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్ళకీ అందరికీ జుట్టు తీశారు. ఆ వారం ఎప్పుడైనా ఇంటికి మాట్లాడుకోవచ్చని పెద్దాయన అనుమతిచ్చాడు. లోసలీనె మా ఇంట్లోంచే, నా ఫోనుతో మేనత్తకి చేసింది. నడుం కిందికి దిగే జుట్టు విప్పుకుని మరీ చేసింది.

"అత్తా, నాకు కూడా చెప్పు. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"నువ్వు రాలేదు" అంది ఫీపె. "నీ జుట్టు నీ దగ్గరే ఉంచుకో."

ఫోను ఆగిపోయింది. పిల్ల జుట్టు దువ్వుకుని, నున్నగా కొప్పు చుట్టుకుంది. మర్నాడు దాన్ని అలాగే నెత్తిన పెట్టుకుని తువీఫే తోటకి పోయింది.

శనివారం నాడు చెరువు దగ్గరికి బట్టలు పట్టుకెళ్తే, గట్టుమీద లోసలీనె జుట్టు విప్పుకుని కూర్చుని ఉంది. వెనక హార్వీ చేతిలో కత్తెర. ఆ పిల్లది మంచి మనసు, స్నేహితురాలు బాధపడుతుంటే సాయం చేద్దామనుకుంది. నేను బట్టల మూట అక్కడే పడేసి పరిగెత్తి ఆ కత్తెర లాగేసుకున్నాను.

"ఆ చేత్తో కాదు! అదేం పెళ్ళికి జుట్టు సవరించుకోవడం అనుకున్నారా?"

హార్వీ బెదిరిపోయింది. లోసలీనె మాత్రం లేచి నిలబడి, మొదటిసారి నామీద గొంతు పెంచింది.

"మరి ఎవరి చేత్తో పెద్దమ్మా? నువ్వే చెప్పు. ఎవరి చేత్తో?"

కత్తెర చేత్తో పట్టుకునే ఇంటికొచ్చేశాను. బట్టల మూట ఏదని మా ఆయన అడిగేదాకా అది గుర్తే లేదు.

సోమవారం మధ్యాహ్నం వాళ్ళు వచ్చే వేళకి ముందే ఫీపెకి నేనే ఫోన్ చేశాను.

"ఎవరు?"

"నా పేరు ఆలిసి. వవావు దాన్ని. సవాయీలో ఉంటాను. నీ మేనకోడలికి కోకో పోసేదాన్ని."

"ఆ పిల్ల గురించైతే పెట్టేయి. వాళ్ళ గుళ్ళో ఏం నేర్పుతారో నాకనవసరం. తండ్రి చావుకి రాని బిడ్డకి జుట్టు తీసే ఆచారం ఎక్కడుందో చెప్పు."

"అన్న చావుకి రాని చెల్లెలి సంగతి ఆచారం ఏం చెప్తుంది?"

"ఎవరా చెల్లెలు?"

"నేనే."

చెప్పడం మొదలుపెట్టాను, ఆపడం నా వల్ల కాలేదు. సమోవా వాణ్ణి కట్టుకున్నానని మా అన్న సియావోసీ "నాకు చెల్లెలు లేదు" అన్నాడు. పదకొండేళ్ళ కిందట పోయాడు. తల దగ్గర నా చోటు ఖాళీగా వదిలి కబురు పెట్టారు. ఇద్దరు ఆడపిల్లలు జుట్టు విరబోసుకుని నా కోసం పది రోజులు కూర్చున్నారు. పదకొండో రోజూ కూర్చున్నారు. నేను ఇక్కడ చాప అల్లుకుంటూ, "చెల్లెలు లేనివాడికి నేనెలా వస్తాను?" అన్నాను. ఆ పిల్లల జుట్టు చివరికి ఎవరు తీశారో, అసలు తీశారో లేదో, ఇప్పటికీ నేను అడగలేదు.

"నేను రానిది పంతంతో. ఈ పిల్ల రానిది పంతంతో కాదు ఫీపె. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, మేనత్తని కాబట్టి. దీన్ని నువ్వు అంటున్నావు, నీ కింద ఉంది కాబట్టి. పదిహేను రోజులైంది. ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. నువ్వు దాన్ని ఆ తండ్రి పిల్ల కాదన్నాక ఎవరి కోసం ఏడుస్తుంది?"

అవతల ఫీపె ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

"పిల్లని పిలు. కత్తెర ఉందా?"

"ఉంది."

"చాపమీద కూర్చోబెట్టు. నాకు కనపడేలా ఫోను పట్టించు. నీ చెయ్యి ఇవాళ నా చెయ్యి."

వాళ్ళు రాగానే మళ్ళీ ఫోను కలిపి, లోసలీనెని చాపమీద కూర్చోబెట్టాను. హార్వీకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఫోను రెండు చేతులతో పట్టుకుని కదలకుండా నిలబడింది. నేను జుట్టు గుప్పిట పట్టాను. చాలా బరువుగా ఉంది. భుజాల దగ్గర కత్తెర పెట్టాను.

"ఇంకా పైకి" అంది ఫీపె.

చెవుల దాకా పోయాను.

"ఇంకా పైకి. నా తమ్ముడు అంతేనా దానికి?"

మొదలంటా తీశాను. నల్లటి పాయలు దాని ఒళ్ళో, చాపమీద పడ్డాయి. హార్వీ వంగి తీయబోతే కళ్ళతోనే వద్దన్నాను.

"తల కొంచెం వంచమ్మా" అంది ఫీపె. పిల్ల వంచింది. మెడ వెనక భాగం, ఎప్పుడూ ఎండ తగలని చోటు, లేతగా బయటపడింది.

"అదిగో" అంది ఫీపె. "అదిగో వాడి మెడ. కందమడిలో వంగినప్పుడు అచ్చం అలాగే... వాడి పిల్లవేనే నువ్వు. వాడి పిల్లవే."

అప్పుడు ఏడ్చింది లోసలీనె. చాపమీద పడి, ఒళ్ళో జుట్టు పోగుచేసుకుని, ఊరంతా వినపడేలా "నాన్నా" అని ఏడ్చింది. హాపాయ్‌లో ఫీపె ఏడ్చింది. ఫోను పట్టుకున్న హార్వీ కూడా ఏడ్చింది, అది ఎందుకో నన్నడగకండి. నేను కత్తెర కింద పెట్టి ఆ గుండు తలని నా మోకాళ్ళకి ఆనించుకున్నాను.

ఫోను పెట్టేసే ముందు ఫీపె నన్ను పిలిచింది.

"నీ మేనకోడళ్ళ పేర్లేంటి ఆలిసీ?"

"పెద్దది వైమోఆనా. చిన్నది లుపే" అన్నాను. పదకొండేళ్ళలో ఆ రెండు పేర్లూ నేను పైకి అనడం అదే మొదటిసారి.