సూది గుచ్చుకుంది

మా బావ పాత సోఫాలు బాగుచేస్తాడు. చిరిగిన రెగ్జిన్ విప్పి, కుంగిన స్ప్రింగులు సరిచేసి, కొత్త స్పాంజి వేసి కుట్టి పంపిస్తాడు. ఒకసారి ఎవరో పంపిన సోఫా పొట్ట విప్పితే లోపల పీచు మధ్య పిల్లికూన కనిపించింది. సోఫాని తిరిగి ఇచ్చేశాడు, పిల్లిని ఉంచుకున్నాడు. ఆ పూటే అది అతని బొటనవేలు కొరికింది. అది ప్రేమేనని నమ్మి, దొరసాని అని పిలవడం మొదలుపెట్టాడు.

దొరసాని పంటికి చిక్కని మనిషి ఆ వీధిలో లేడు. పాలవాడు, పోస్ట్‌మాన్, ఇంటాయన, అందరూ అయ్యారు. నన్నైతే రెండు కాళ్ల మీదా సమానంగా గౌరవించింది. ఎవరు రక్తం చూపించినా బావ దగ్గర ఒకటే జవాబు. "సూది గుచ్చుకునుంటుంది. మాది సూదులుండే ఇల్లు కదా!" తన కాలి నుంచి రక్తం కారుతున్నా అదే మాట. అరికాలికైతే సరే, పిక్కకి సూది ఎలా గుచ్చుకుంటుందో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే అక్క బాధపడుతుంది.

అక్కకి నెలలు నిండుతుండగా అమ్మ సాయానికి వచ్చింది. పెట్టె కింద పెట్టకముందే దొరసాని ఆవిడ మడమ పట్టుకుంది. అమ్మ అరవలేదు. అరిచి ఉంటే బావ బతికిపోయేవాడు.

"చూడండి బాబూ, పసిబిడ్డ రాబోతోంది. బిడ్డ ఇంటికొచ్చాక ఇది ఎవర్ని కరిచినా సరే, ఆ క్షణమే బయటికి పోవాలి. సూదీ గీదీ అని నాకు చెప్పొద్దు."

"అలాగే అత్తయ్యా."

"వీడు తీసుకెళ్లి ఎక్కడో వదిలేసి వస్తాడు" అని నన్ను చూపించింది. అమ్మ మాటకి నేను అంత ఉత్సాహంగా తల ఊపడం అదే మొదటిసారి.

బావ ముఖం మాడిపోయింది. రోజంతా కొట్టులో నోట్లో మేకులు పెట్టుకుని పనిచేసే మనిషి, ఇంటికొచ్చి ఆ పిల్లితోనే మనసు విప్పి మాట్లాడేవాడు. దాని మీద నాకెంత కోపమున్నా ఆ రోజు అతన్ని చూస్తే జాలేసింది.

మర్నాడే స్పాంజి కోసి, మెత్తటి గుడ్డ తొడిగి, పసిబిడ్డంత బొమ్మ కుట్టుకొచ్చాడు. దాన్ని ఉయ్యాలలో పడుకోబెట్టి ఫోన్‌లో పసిపిల్లల ఏడుపు పెట్టేవాడు. ఏడుపు మొదలవగానే బొమ్మని ఎత్తి భుజాన వేసుకోవడం, ఆ వెంటనే దొరసాని గిన్నెలో చేపముక్క వెయ్యడం. "ఏడుపు వినపడితే దీనికి తిండి గుర్తు రావాలిరా, కోపం కాదు" అని నాకు పాఠం చెప్పేవాడు. మొదట్లో అది ఫోన్ మీద బుస కొట్టింది. పోను పోను, ఏడుపు వినగానే వచ్చి గిన్నె పక్కన పెద్దమనిషిలా కూర్చునేది. బొమ్మని ఎత్తుకోవడం ఆలస్యమైతే చేప ఆలస్యం, చేప ఆలస్యమైతే పిక్క. దాని లెక్క దానిది.

"పిల్లికి నేర్పుతున్నారా, మీరు నేర్చుకుంటున్నారా?" అని అక్క నవ్వింది.

"నాకు నేర్చుకోవడమెందుకు? రోజూ సోఫాలే మోస్తున్నాను."

ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజు అందరి చూపూ దొరసాని మీదే. నేనైతే సంచీ కూడా సిద్ధం చేసుకున్నాను. అది ఉయ్యాల దాకా వచ్చి, వాసన చూసి, ఆవులించి వెళ్లిపోయింది. నా సంచీ మడత పెట్టుకోవాల్సి వచ్చింది.

చిక్కంతా బావతోనే వచ్చింది. బిడ్డని చేతుల్లో పెట్టబోతే వెనక్కి జరిగాడు. ఒకరోజు చేతులు గరుకన్నాడు, ఒకరోజు జలుబన్నాడు, ఒకరోజు బట్టలకి బంక అంటిందన్నాడు. స్పాంజి తల నిలుస్తుంది, ఈ తల వాలిపోతుంది. స్పాంజి కదలదు, ఇది కాళ్లతో తంతుంది. అతను ఉయ్యాలకి ఆమడ దూరంలో నిలబడితే అక్క ముఖం తిప్పుకునేది. పిల్లికి అన్నీ నేర్పారు, తండ్రికి నేర్పాలని ఎవరికీ తట్టలేదు.

ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి అక్క స్నానానికి వెళ్లింది, అమ్మ వంటింట్లో ఉంది. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా బిడ్డ ఏడుపు అందుకుంది. ఉయ్యాల పక్కన బావ ఒక్కడే ఉన్నాడు. చేతులు చాపాడు, వెనక్కి తీసుకున్నాడు. వంటింటి గుమ్మం వైపు చూశాడు.

ఏడుపు విని దొరసాని వచ్చింది. గిన్నె పక్కన కూర్చుని చూసింది. గిన్నె ఖాళీ. బావ వంక చూసింది. అతను కదలడం లేదు. పద్ధతి తప్పిందని దానికి అర్థమైంది. లేచి, నేరుగా వచ్చి పిక్క పట్టింది.

"అబ్బా!" అన్నాడు బావ. అన్నాళ్లూ అలవాటు పడ్డ చేతులు అతన్ని అడక్కుండానే ఉయ్యాలలోకి వెళ్లాయి. మరుక్షణం బిడ్డ భుజం మీద ఉంది, ఒక చెయ్యి తల కింద ఉంది. బిడ్డ ఏడుపు ఆపింది, బావ మొదలుపెట్టాడు.

అమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. నేల మీద రక్తం చూసింది, గిన్నె పక్కన మళ్లీ కూర్చున్న దొరసానిని చూసింది, తర్వాత అల్లుడి భుజం వైపు చూసింది. నేను సంచీ ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్నాను.

అప్పుడే అక్క తల తుడుచుకుంటూ వచ్చింది. "అయ్యో, ఆ కాలికి రక్తమేంటి?"

అమ్మ వంటింట్లోకి వెళ్లి చేపముక్క తెచ్చి, వంగి గిన్నెలో వేసింది.

"ఏం లేదులేవే, సూది గుచ్చుకుంది" అంది.