అమ్మ కదిలిపోనాదట

మా చిన్నాన్న మాటెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతాది. పోయినోళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఎందుకు కూడదు? మా అమ్మ పోయిన పన్నెండో రోజున అతగాడు పదిమంది ముందూ మాట్లాడినాడు కదా!

మాది బెంగాలీవాళ్ళ ఊరు నిమ్‌పురాలో రైల్వే క్వార్టరు. నాన్న గూడ్సు బండి గార్డు, నెలలో సగం రోజులు లైను మీదే. చిన్నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. పిన్నితో, పిల్లలతో మాతోనే ఉండీవాడు. ఇంటిల్లిపాదికీ ఫొటోల పిచ్చి అంటించింది అతనే. ఎక్కడినుంచో ఒక డబ్బా కెమెరా సంపాదించినాడు. ఇంక చూసుకోండి, పండగొస్తే ఫొటో, పిల్ల బోర్లా పడితే ఫొటో, కొత్త సైకిలొస్తే దానికీ ఫొటో. నీళ్ళగదికి గోనెపట్టా కట్టి, ఎర్ర బల్బు పెట్టి ఫిలిం అక్కడే కడిగీవాడు. ఆదివారం వస్తే మాకెవరికీ స్నానాల్లేవు. నేను మందు ట్రేలు ఊపీదాన్ని, ప్రింట్లు తీగకి ఆరేసీదాన్ని. నాన్న బండి దిగి మొహం కడుక్కోకుండానే "కొత్తవేటి తీసినార్రా?" అనీవాడు.

అమ్మ పని నీళ్ళు. ప్రింటుకి పట్టిన మందు పూర్తిగా వదలాలంటే నీళ్ళు మార్చి మార్చి కడగాల, లేకపోతే కొన్నాళ్ళకి పచ్చబడిపోతాది. వీధి కొళాయి నుంచి బకెట్లు మోసి మోసి అమ్మ అరచేతులు కాయలు కాసిపోయాయి. మా అందరి మొహాలూ ఆమె చేతుల్లో మునిగి తేలినవే. ఆమె మొహం ఒక్కటీ లేదు. దీపం కిందే చీకటంటే ఏటో మా ఇంటికొచ్చి చూడాల.

అందరినీ నిలబెట్టి తీసీటప్పుడు అమ్మ పొయ్యి దగ్గరే ఉండిపోయీది. నేను ఊరుకునీదాన్ని కాదు. "అమ్మకి తియ్యి చిన్నాన్నా" అని ప్రాణం తీసీదాన్ని. "సరే, నిలబడు వొదినా. కదలకు" అని క్లిక్కుమనిపించీవాడు. ప్రింట్లలో మాత్రం అమ్మ ఉండీది కాదు. అడిగితే, "మీ యమ్మ కదిలిపోనాదే గుంటా. మసగ్గా వొచ్చినాది, పారేసినాను" అనీవాడు. ప్రతిసారీ అదే మాట. పాపం, అమ్మ తప్పు తనదే అనుకుంది. చేతి అద్దం గూట్లో ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడి చూసుకునీది. "ఓలమ్మా, బొమ్మవైపోనావు!" అని నేను ఏడిపించీదాన్ని.

ఒక దుర్గాపూజకి అమ్మ కొత్త చీర కట్టుకుని పెరట్లోకి వచ్చింది. చిన్నాన్న కెమెరా ఎత్తినాడు. నేను తీగ దగ్గర ఉన్నాను. ఆ పొద్దున్నే ఆ కెమెరాలోంచి రీలు తీసింది నేనే. అది కడిగించుకుని నా నెత్తి మీదే వేలాడతా నీళ్ళు కారుస్తా ఉంది. గోల్‌బజార్ నుంచి కొత్తది తేనేలేదు. "కదలకు వొదినా" అన్నాడు. క్లిక్కుమంది. లోపల ఏటీ లేదు, వట్టి డబ్బా. అమ్మ ఊపిరి వదిలి నా వైపు తిరిగి, "ఈసారి కదల్లేదు, చూసినావా?" అంది. నేను తలూపినాను.

ఆ చలికాలమే కామెర్లొచ్చి అమ్మ పోయింది. పన్నెండో రోజున దండ వెయ్యడానికి పటమేదీ? పీట మీద దీపం ఒక్కటే పెట్టినారు. "ఫొటోల ఇంట్లో ఆయమ్మ ఫొటో లేకపోవడమేటి!" అని వచ్చినోళ్ళు ముక్కున వేలేసుకున్నారు. చిన్నాన్న గొంతు సవరించుకుని, "ఏం సేత్తాం బాబూ, ఎన్నిసార్లు తీసినా వొదిన కదిలిపోయీది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! బతికున్నప్పుడు ఆమెదే తప్పు, చచ్చిపోయినా ఆమెదే తప్పు. నాన్న తలొంచుకుని కూర్చున్నాడు. నేను మాత్రం చిన్నాన్న వంక చూసి, నీ రోజు రాకపోతాదా అనుకున్నాను.

చాలా ఏళ్ళకి వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళయి అదే ఊళ్ళో కాపరం. మావాళ్ళలో ఫొటో తియ్యాలంటే నన్నే పిలిచీవారు, నా చేతికి అంత పేరు. చిన్నాన్న రిటైరవుతున్నాడు. అతని చేతులు వణకడం మొదలైంది. ముందురోజు మా ఇంటికొచ్చి తన కెమెరా, కొత్త రీలు నాకిచ్చి, "నువ్వే తియ్యాలమ్మా. ఇలాంటి రోజు నాకింక రాదు" అన్నాడు. "అలాగే చిన్నాన్నా" అన్నాను. రీలు బియ్యం డబ్బాలో పడేసినాను.

వర్క్‌షాపు గేటు దగ్గర శాలువా కప్పినారు, మెడ కనిపించకుండా బంతిపూల దండలేసినారు. ఫోర్‌మన్ సాయిబు చెయ్యి కలిపినాడు. "దీదీ, ఎక్ ఔర్" అని ఇంకొకటి తియ్యమంటా, అతనితో పనిచేసిన బెంగాలీ దాదాలు అతని భుజమ్మీద చేతులేసి నిలబడ్డారు. అందరికీ నొక్కినాను. "గడ్డం ఎత్తు చిన్నాన్నా. కదలకు" అన్నాను ప్రతిసారీ. అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అబ్బ, నా కడుపు ఎంత చల్లబడిందో!

తరవాతి ఆదివారం ప్రింట్ల కోసం వచ్చినాడు. విప్పని రీలు తెచ్చి అతని చేతిలో పెట్టినాను. "నువ్వు కదిలిపోనావు చిన్నాన్నా" అన్నాను.

అర్థం కావడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. కుర్చీలో కూలబడి రీలు వంకే చూసినాడు. "మీ యమ్మకి తెలుసే" అన్నాడు. "రీలు పిల్లలకుంచు మరిదీ, నాకు ఉత్తినే నొక్కేయ్, లేకపోతే గుంట ఏడుస్తాది అని ఆమే సెప్పినాది."

"అబద్ధం" అన్నాను. తెలిసిన మనిషి అద్దం ముందు అలా ఎందుకు నిలబడతాది? పోనీ నిజమే అనుకుందాం. "వద్దంటే మాత్రం? మీ మొహాలు కడుగుతా ఆ నీళ్ళ దగ్గర కూచుని ఉన్నప్పుడు, ఇన్నేళ్ళలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆమెకి తెలీకుండా తియ్యలేకపోయినావా?" అని అరిచినాను. ఇరుగుపొరుగు విన్నారేమో, వింటే విననీ. లేచి వెళ్ళిపోయినాడు. తరవాత మా గుమ్మం తొక్కలేదు. నేనూ పిలవలేదు, అతను పోయినప్పుడు చూడ్డానికీ వెళ్ళలేదు.

బాధపడుతున్నావా అంటే, లేదు. మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ వట్టి డబ్బాయే నొక్కుతాను.

మొన్న మా అమ్మాయి, "అమ్మమ్మ ఎలా ఉండీదే?" అని అడిగింది. చెబుదామని కళ్ళు మూసుకున్నాను. రీలు పట్టుకుని కుర్చీలో కూర్చున్న చిన్నాన్న వచ్చినాడు, కళ్ళ కింద ముడతలతో సహా. అమ్మ రాలేదు.