చేతిలో డ్రిల్లు, మొహాన మజ్జిగ

గురువారం మా ప్లాంటులో ఏం జరిగిందో మీకీపాటికి తెలిసే ఉంటుంది. భీమవరంలో ఏ మాటైనా భోజనాల వేళకల్లా ఊరంతా చుట్టేస్తుంది. "మొహాన మజ్జిగ కారుతుంటే చేతిలో డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకుని పరిగెత్తిందంట, ఎవరావిడ?" అని అడుగుతున్నారట. నేనేనండీ బాబూ, నేనే! కానీ నవ్వే ముందు పూర్తిగా వినండి. అందులో నా తప్పెంతో, మిగతావాళ్ళదెంతో మీరే తేల్చండి.

నేను పనిచేసేది రొయ్యలు ప్రాసెస్ చేసే ప్లాంటులో. రొయ్యల్ని ఒలిచి, గడ్డకట్టించి, డబ్బాల్లో పెట్టి పంపిస్తారు. ఆ చల్లదనమంతా అమ్మోనియా గ్యాసుతో వస్తుంది. అది గనక లీకైతే కళ్ళు మండిపోతాయి, ఊపిరాడదు. అప్పుడు లోపలున్న నూట ఇరవై మందినీ బయటికి తీసుకురావడం నా పని. సేఫ్టీ ఆఫీసర్ని. నిన్న మొన్నటి నుంచి కాదు, పదకొండేళ్ళుగా!

నాలుగు నెలల కిందట రాజమండ్రిలో డాక్టరుగారు నాకు ఏడీహెచ్‌డీ ఉందని తేల్చారు. ముప్పై తొమ్మిదేళ్ళకి! అంటే ఏంటంటే, మనసు ఒకచోట నిలవదు. పొరపాటున నిలిచిందా, ఇక అక్కడి నుంచి లేవదు. పొయ్యి మీద పాలు, బండికి తాళాలు, స్కూల్లో పాప మీటింగు, అన్నీ అలా పోయినవే. చిన్నప్పటి నుంచీ "నిర్లక్ష్యం, నిర్లక్ష్యం" అని తిట్టించుకున్నదానికి ఒక పేరుందని తెలిసి, ఆ ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఏడ్చేశాను. సంతోషంతోనే.

ఆ సంతోషం ఇంటికొచ్చేదాకా కూడా ఉండనివ్వలేదు. "అది చిన్నపిల్లలకి వచ్చేది కదే?" అన్నారు మా ఆయన. మా అత్తగారు వెళ్ళి బాదంపప్పులు నానబెట్టారు. ఆఫీసులో అకౌంటెంటు "ఫోన్ చూడటం తగ్గించండి మేడమ్, అదే పోతుంది" అన్నాడు. తలెత్తి కూడా చూడలేదు, అతని చూపు రీల్స్ మీదుంది!

మేనేజర్ వర్మ గారికి చెప్పకుండా ఉంటే బాగుండేది. దాచడం ఎందుకని చెప్పాను. "అందరికీ ఉండేదేనండి అది. నేను కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతానండి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. సరే, అందరికీ ఉండేదే అనుకుందాం. మరి ఆ వెంటనే ఈ మాటేంటండీ? "కాకపోతే గ్యాస్‌తో వ్యవహారం కదండీ. ఈసారి మాక్ డ్రిల్ ఎలా చేస్తారో చూద్దామండి. తేడా వస్తే మిమ్మల్ని రికార్డ్స్ సెక్షన్‌లో కూర్చోబెడతానండి. మీకూ టెన్షన్ ఉండదు."

ఇన్ని "అండీ"లు చేర్చి మరీ మనిషిని ఉద్యోగంలోంచి కదపడం మా వైపు వాళ్ళకే చెల్లు! రెండేళ్ళ కిందట వాల్వ్ దగ్గర నిజంగా లీకైనప్పుడు ఒక్క మనిషి కూడా తగ్గకుండా బయటికి తెచ్చిందెవరు? నేను కాదూ? ఆ రోజు నా మనసు ఎక్కడికీ పోలేదే!

సరే, పంతం పట్టాను. మాక్ డ్రిల్ అంటే గ్యాస్ లీకైనట్టే సైరన్ మోగించి, జనం ఎన్ని నిమిషాల్లో బయటికి వస్తారో చూడటం. ముందుగా ఎవరికీ తెలియకూడదు. నాకూ, వర్మ గారికీ, సైరన్ నొక్కే ఆపరేటర్‌కీ తప్ప. గురువారం పదకొండుంబావుకి అని పెట్టాను. ఎండలో నిలబడతారు పాపం అని, క్యాంటీన్ సత్యానికి మాత్రం "గురువారం పదకొండున్నరకి నూట ఇరవై మందికి మజ్జిగ గేటు దగ్గరికి పంపించు" అని చెప్పాను. ఎందుకో చెప్పలేదు సుమా! రహస్యం రహస్యమే.

ఫోన్‌లో అలారం కూడా పెట్టాను. "అలారానికి పేరు పెట్టుకోండమ్మా, చిన్నగా, ఒక్క మాటలో" అని డాక్టరుగారు మరీమరీ చెప్పారు. ఒక్క మాటలోనే పెట్టాను. "డ్రిల్" అని. ఇప్పుడు చెప్పండి, ఇందులో నా తప్పెక్కడుంది?

గురువారం పదిన్నరకి, మాక్ డ్రిల్‌లో వేసుకునే ఆరెంజ్ జాకెట్ తీసుకుందామని స్టోర్ రూమ్‌కి వెళ్ళాను. ఆ జాకెట్ పక్కనే ఫస్ట్ ఎయిడ్ పెట్టె. మూత తీస్తే ఏముంది! డేట్ అయిపోయిన ట్యూబులు, కొత్త బ్యాండేజీలు, దూది, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. సేఫ్టీ ఆఫీసరన్నాక చూసి ఎలా వదిలేస్తానండీ? ఐదు నిమిషాల పనే కదా అని కింద కూర్చుని, ఒక్కొక్కటీ తేదీ చూసి వరసగా పేర్చడం మొదలుపెట్టాను.

పదకొండూ పదికి అలారం మోగింది. చూశాను. "డ్రిల్."

ఆఁ! ఎలక్ట్రీషియన్ సోమవారం నుంచీ అడుగుతున్నాడు, ఎగ్జిట్ బోర్డు బిగించాలి, స్టోర్‌లో డ్రిల్లు ఉంది, తీసిపెట్టండి మేడమ్ అని. చూశారా, మర్చిపోలేదు! డాక్టరుగారికి మనసులోనే దణ్ణం పెట్టుకుని, అరలోంచి డ్రిల్లింగ్ మెషీన్ దింపి ఒళ్ళో పెట్టుకున్నాను. అలారం ఆపేశాను. మళ్ళీ బ్యాండేజీల్లో పడ్డాను. నా మీద నాకే ముచ్చటేసింది.

ఐదు నిమిషాలకి సైరన్ మోగింది.

బాబోయ్, లీకు! ఇది మనం పెట్టుకున్నదే కదా అన్న ఆలోచన రావాలా వద్దా? రాలేదు! నా బుర్రలో డ్రిల్ అన్న మాట పక్కన అప్పటికే మెషీన్ కూర్చునుంది. దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు, అలాగే పట్టుకుని బయటపడ్డాను. గ్యాస్ లీకైతే తడిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకోవాలి. అందరికీ నేర్పించేది నేనే. క్యాంటీన్ ముందు నీలం డ్రమ్ము కనిపించింది. మూత తోసి, చున్నీ ముంచి, మొహానికి చుట్టేసుకున్నాను. అందులోవి నీళ్ళో కావో చూసే తీరిక ఎవరికుందండీ?

పది అడుగులు వేశానో లేదో కళ్ళు భగ్గున మండాయి. ముక్కు మంట, గొంతు మంట! ఇక సందేహమే లేదు, అమ్మోనియా!

గేటు దగ్గరికి చేరేసరికి ఆడవాళ్ళంతా అప్పటికే చక్కగా వరసలో ఉన్నారు. కబుర్లు, నవ్వులు. చాలామంది చేతుల్లో స్టీలు గ్లాసులు! గ్లాసులెందుకు తెచ్చారని అడగాల్సింది. అడగలేదు. గాలి ఎటుందో తెలియడానికి పైన కట్టిన గుడ్డగొట్టం చూశాను. గాలి అమ్మోనియా ఉండే మెషీన్ రూమ్ మీంచి సరిగ్గా గేటు వైపే వీస్తోంది. "ఇక్కడ ఉండొద్దు! గ్యాసు ఇటే వస్తుంది! చెరువు గట్టు మీదికి పదండి!" అని అరిచాను. నా ఎర్రటి కళ్ళు చూసి వాళ్ళ నవ్వు ఆగిపోయింది. అందరూ నిజంగానే పరుగందుకున్నారు.

గట్టు మీద లెక్కపెట్టాను. నూట పద్దెనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. నూట పద్దెనిమిదే. లైన్ సూపర్‌వైజర్ నూకరత్నం లేదు, దాని తోడికోడలు మంగ లేదు. మా పాప మొహం కళ్ళ ముందుకొచ్చింది. అయినా వెనక్కి పరిగెత్తాను.

బట్టలు మార్చుకునే గదిలో ఇద్దరూ బల్ల మీద కూర్చుని, బాక్స్ తెరిచి పులిహోర తింటున్నారు!

"నూకరత్నం! లే! గ్యాసు!"

"డ్రిల్లు కదండీ మేడంగారూ?" అంది, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

"డ్రిల్లు నా చేతిలోనే ఉంది! దాని సంగతి ఇప్పుడెందుకు, ముందు లే!"

అది మెషీన్ వంక చూసింది. నా వంక చూసింది. ముద్ద మింగింది. "ఆ డ్రిల్లు కాదండీ. ఇవాళ్టి డ్రిల్లండి. మజ్జిగ డ్రిల్లు. సోమవారం నించీ అందరికీ తెలుసండీ, నూట ఇరవై మందికి గేటు దగ్గర మజ్జిగంటే డ్రిల్లు కాక ఇంకేంటని సత్యం చెప్పాడు." లేచి వచ్చి నా చున్నీ కొస వాసన చూసింది. "మీ కళ్ళు మండింది గ్యాసుకి కాదండీ. ఆ సత్యం పచ్చిమిర్చి దంచి మరీ ఏస్తాడండీ" అని, నా కనుబొమ్మ మీంచి కరివేపాకు రెబ్బ తీసి పక్కన పడేసింది.

అప్పటికి సైరన్ కూడా ఆగిపోయింది. ఇద్దర్నీ వెంటబెట్టుకుని మళ్ళీ గట్టు మీదికి నడిచాను.

వర్మ గారు గట్టు మీద స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డారు. నూట పద్దెనిమిది మందీ చూస్తున్నారు. నేనే ముందు అనేశాను. "సార్, రికార్డ్స్ సెక్షన్‌లో నా కుర్చీ ఎక్కడో చూపించండి."

"ఆగండాగండి. అంటే, మీరు నిజంగా లీకైందనుకున్నారాండీ?"

"అనుకున్నానండి."

"అనుకునే మళ్ళీ లోపలికి వెళ్ళారాండీ?"

"ఇద్దరు తగ్గారు సార్. వెళ్ళక ఏం చేస్తాను?" కోపంగానే అన్నాను.

ఆయన నెత్తి మీది కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రికార్డ్స్ సెక్షన్‌లో ఖాళీ లేదండి. మీరు మీ సీట్లోనే ఉండండి" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. పచ్చిమిర్చి మీదికి తోసేశాను.

మజ్జిగ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నా చున్నీ మునిగిన మజ్జిగ ఎవరు తాగుతారండీ? గ్లాసులు తెచ్చుకున్న వాళ్ళంతా నన్ను తిట్టుకుంటూ లోపలికి పోయారు.

సాయంత్రం రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. కింద రెండు సంతకాలు కావాలి. ఒకటి డ్రిల్ పెట్టినవారిది. రెండోది, డ్రిల్ సంగతి ముందుగా తెలియని వ్యక్తి ఒకరిది, సర్‌ప్రైజ్‌గానే జరిగిందనడానికి రుజువుగా. ఆ కాగితం పట్టుకుని ప్లాంటంతా తిరిగానండీ. ఒలిచే లైను, ప్యాకింగు, క్యాంటీను, ఆఖరికి గేటు దగ్గర వాచ్‌మన్ కూడా. "నాకు తెలియదు" అన్నవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు దొరకలేదు! ఇక చేసేదేముంది? రెండు చోట్లా నేనే సంతకం పెట్టాను.