రత్నం పిన్ని బీపీ 120/80 కాదు

నిన్న వార్డులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. కట్ చేశాను. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాను.

మూడోసారి ఎత్తితే, "రత్నం పిన్ని సచ్చిపోయిందే" అని ఏడుస్తోంది.

నమ్మలేదు. ఇంకెవరో రత్నం అనుకున్నాను. పొద్దున్న నేను బస్సుకి పరిగెడుతుంటే వాళ్ళింటి కిటికీలోంచి అరిచింది కదా! "ఒసే, సున్నీ సరిగ్గా ఏసుకో, జారిపోతంది" అని.

బ్రెయిన్‌లో నరం చిట్లిందట. కుట్టుమిషన్ దగ్గరే పడిపోయిందట. అనకాపల్లి తీసుకెళ్తుంటే ఆటోలోనే అయిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. రత్నం పిన్ని మా వీధి టైలర్. మాకు చుట్టం కాదు. కానీ చోడవరంలో నాకు సొంత పిన్నులున్నా, పిన్నీ అంటే నాకు ఈవిడే.

జీఎన్ఎం నర్సింగ్ సీటు వచ్చిందని చెప్పిన రోజే టేపు తీసి యూనిఫాంకి కొలతలు తీసుకుంది. "కుట్లలో గుడ్డ వదుల్తన్నానే, హాస్టల్ తిండికి ఒళ్ళొస్తాది" అని అందరూ వినేలా అంది. నేను హాస్టల్లో ఉండనని, రోజూ బస్సులో వెళ్ళొస్తానని చెప్పినా వినదు. "అయితే మీయమ్మ తిండికి ఒళ్ళొస్తాది" అంది. నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళుగా అదే యూనిఫాం వేసుకుంటున్నాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇక్కడితో ఆపేసి దండం పెట్టేస్తే లైకులు కూడా వస్తాయి.

కానీ ఇంకోటి చెప్పాలి.

మూడు నెలల క్రితం కాలేజీలో వైటల్స్ రికార్డు ఇచ్చారు. ఇరవై మందికి బీపీ చూసి, రాసి, మేడమ్ సంతకం తీసుకోవాలి. మా వీధిలో అందరూ తప్పించుకున్నారు. పిన్నే పిలిచింది.

"రాయే నర్సమ్మా, నాకు సూడు. నా సెయ్యేటి ఇరిగిపోదులే."

కఫ్ కట్టాను. 170/110 వచ్చింది.

చాలా ఎక్కువ అది. ఆ వారమే క్లాసులో ఒకమ్మాయి బీపీ తప్పు చెప్తే, "చెవులున్నాయా నీకు?" అని మేడమ్ అందరి ముందూ అడిగింది. ఇది కూడా నా చెవుల తప్పే అనుకున్నాను. కాసేపాగి మళ్ళీ చూశాను. 168/110.

"ఎంతొచ్చిందే?"

"నార్మలే పిన్నీ. బాగుంది."

రికార్డులో 120/80 అని రాశాను. నార్మల్ రాస్తే ఎవరూ ఏమీ అడగరు. మేడమ్ సంతకం పెట్టేసింది. పదికి తొమ్మిది మార్కులు.

"నాకు ఎక్కువొచ్చింది పిన్నీ, ఒకసారి గవర్నమెంట్ ఆస్పత్రిలో చూపించుకో" అంటే సరిపోయేది. ఒక్క మాట. అనలేదు. ఒకవేళ అక్కడ నార్మల్ వస్తే, ఈ పిల్లకి బీపీ చూడ్డం కూడా రాదని వీధంతా అనుకుంటారని.

నా పరువు కోసం అనలేదు. అంతే.

ఇంకా ఉంది.

పోయిన నెల నుంచి సాయంత్రాలు పిన్ని దగ్గరే కూర్చుని ఎగ్జామ్‌కి చదువుకుంటున్నాను. హైపర్‌టెన్షన్ క్వశ్చన్ గ్యారంటీగా వస్తుందన్నారు. లక్షణాలన్నీ పైకి చదువుతూ బట్టీ పడుతున్నాను. ఆక్సిపిటల్ హెడేక్, గిడ్డీనెస్, బ్లర్డ్ విజన్. ఒకరోజు పిన్ని మిషన్ ఆపి మరీ వింది.

"ఏటే ఆ మంత్రాలు? నాకూ సెప్పు."

"ఎగ్జామ్‌కిలే పిన్నీ. నీకర్థం కాదు."

అదే పిన్ని, అదే రోజు, "తెల్లారి లేస్తే పెడతల నొప్పెడతందే. సూదిలో దారం కూడా కనబడట్లేదు" అంది. కళ్ళద్దాలు మార్చుకో పిన్నీ అన్నాను. మళ్ళీ పుస్తకంలో తల పెట్టి ఆక్సిపిటల్ హెడేక్ అని చదువుకున్నాను.

పెడతల నొప్పి అంటే అదే కదా! తెలుగులో ఎదురుగా కూర్చుని చెప్తుంటే నాకు తట్టలేదు. నేను నర్సునట.

వచ్చే వారం ఎగ్జామ్. ఆ క్వశ్చన్ వస్తే ఒక్క మార్కు కూడా పోదు. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

నిన్న వాళ్ళింటికి వెళ్తే అందరూ నన్నే అడిగారు. "నువ్వు నర్సువి గదా, ఇలాగెలాగైందమ్మా?" అని. ఒక్కోసారి ఏ లక్షణాలూ లేకుండానే వస్తుందని చెప్పాను. అక్కడ కూడా అబద్ధమే.

అప్పుడు పిన్ని భర్త, సూరి బాబాయ్, నా చెయ్యి పట్టుకుని అన్నాడు. "నెల్లాళ్ళుగా ఆస్పత్రికి పదవే అంటన్నానమ్మా. మన నర్సు గుంట బీపీ మిషనెట్టి సూసింది, నార్మలంది, డాక్టరెందుకు అనీది. నువ్వంటే అంత నమ్మకం దానికి."

బాబాయ్ నన్ను మెచ్చుకుంటున్నాడు. పిన్ని ఎదురుగా పడుకుని ఉంది.

ఈ రోజు పొద్దున్న వెళ్ళి అంతా చెప్పేశాను. 170 అని కూడా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"నేనైనా సెయ్యట్టుకుని లాక్కెళ్ళాల్సిందమ్మా. నా తప్పే" అన్నాడు.

కాదు బాబాయ్. నాది. అందుకే ఇక్కడ, అందరికీ కనబడేలా రాస్తున్నాను.

పిన్నీ, క్షమించమని అడిగే ముఖం లేదు నాకు. ఏ నొప్పీ లేకుండా హాయిగా పడుకో.