సైరన్ కూయని పూట

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎవరి చేపకి ఒంట్లో బాగోకపోయినా అప్పలకొండ వరండాకే తెచ్చేవారు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. చేపల వైద్యం ఎవరు నేర్పారయ్యా అంటే, చచ్చిన చేపలే నేర్పాయనేవాడు. ఒంటిమీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలుంటే, నీళ్లు కాస్త వెచ్చగా ఉంచి కల్లుప్పు వేసి, చుక్కలు రాలిపోయాక కూడా వారం ఆగమనేవాడు. రెక్కల అంచులు చిరుగుతుంటే, మందు సంగతి తర్వాత, ముందు నీళ్లు మార్చండర్రా అని తిట్టేవాడు. పొట్ట ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకుంటే మాత్రం ఇక దక్కదని తిరిగి ఇచ్చేసేవాడు.

రెండేళ్ల కిందట పక్క వీధి జ్ఞానరత్నం తన గోల్డ్‌ఫిష్‌ని తెచ్చింది. తోకమీద దూదిలా బూజు. దాన్ని పెంచింది ఆమె భర్త విల్‌ఫ్రెడ్. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన కడుపునొప్పంటే వాముతో సరిపెట్టి, మూడోరోజున ఆసుపత్రికి తీసుకెళ్లింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఆయన ఒగ్గెల్లింది ఇదొక్కటే, అన్నయ్యా. బతుకుతాదేటి?"

"ఇదీ ఓ రోగమేనా సెల్లెమ్మా? నాలుగు రోజులు నా దగ్గిర ఒగ్గేయి," అన్నాడు ధీమాగా.

బూజుకి గట్టి ఉప్పునీళ్లలో రోజుకో పావుగంట ఉంచాలి. అంతకు మించితే చేప దక్కదు. అప్పలకొండకి గడియారం చూసే అలవాటు ఏనాడూ లేదు. పొద్దున్న పాలవాడి బెల్లు వినగానే చేపని బకెట్టులో వేసేవాడు, పావుగంటకి వర్క్‌షాపు సైరన్ కూయగానే తీసేవాడు. మూడు రోజుల్లో బూజు సగం రాలింది.

నాలుగో రోజు విశ్వకర్మ పూజ. చేపని బకెట్టులో వేసి లోపలికెళ్లి, తన పాత పానాలూ సుత్తులూ తుడిచి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూలు చుడుతూ, చెవి సైరన్ మీదే వేసి కూర్చున్నాడు. పనిముట్లు పూజలందుకునే రోజున పని ఉండదనీ, సైరన్ కూయదనీ, ముప్పై నాలుగేళ్లు ఆ పూజ చేసిన మనిషికి గుర్తే రాలేదు! గంటన్నర తర్వాత వచ్చి చూస్తే చేప నోరు తెరుచుకుని వెల్లకిలా తేలుతోంది.

"రోగం ముదిరిపోనాదమ్మా," అని జ్ఞానరత్నానికి చెప్పాడు. పాపిష్టి నోరు, దానికి అంతకన్నా మాట దొరకలేదు.

ఆమె ఏడవలేదు. "ఆయన్నీ ఆలీసంగానే తీసుకెల్లినాను. దీన్నీ ఆలీసంగానే తెచ్చినాను," అంది.

అప్పట్నుంచీ సైరన్ కూస్తే చాలు, అప్పలకొండకి ఆ తెరుచుకున్న నోరు కనిపిస్తుంది. అన్నం ముందు కూర్చున్నా అదే. బకెట్టు పారేశాడు, చేపల వైద్యం మానేశాడు. అయినా వదల్లేదు. కొళాయి దగ్గర జ్ఞానరత్నం అందరితో, "నాను ముందే తెచ్చుంటే అన్నయ్య బతికించేసుండును," అంటుంటే, బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసేవాడు.

మొన్న పొద్దున్న ఆమే వచ్చి తలుపు కొట్టింది. చేతిలో గాజు సీసా, అందులో కొత్త చేప. రెక్కమీద ఒకే ఒక్క తెల్లచుక్క.

"కనబడగానే పరిగెట్టుకొచ్చినాను, అన్నయ్యా. ఈసారి ఆలీసం సేయనేదు."

అప్పలకొండ గడపమీదే కూర్చున్నాడు. పాలవాడి బెల్లు, పూజ, కూయని సైరన్, అన్నీ చెప్పేశాడు. "దాన్ని సంపినోణ్ణి నానేనమ్మా. నువ్వు సరైన యేలకే తెచ్చినావు. అబద్దమాడినాను."

జ్ఞానరత్నం సీసాని దగ్గరికి లాక్కుంది. "ఎంతసేపు, ఆ నీల్లల్లో?"

"గంటన్నర."

"ఎవులూ పక్కన నేకుండానా?"

"ఎవులూ నేరమ్మా."

రెండేళ్ల ఏడుపు అప్పుడు వచ్చిందామెకి. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, అతణ్ణి దాటుకుని లోపలికొచ్చింది. సీసాని బల్లమీద పెట్టి, పీట లాక్కుని దాని పక్కనే కూర్చుంది.

"మందెయ్యి. నానిక్కణ్ణుంచి లెగను."